కందెనవోలు నుంచి గాలి లేని టైరు దాకా

కర్నూలుకు ఆ పేరెలా వచ్చిందో చెప్పే కథ ఒకటి మా వైపు చాలామందికి తెలుసు. అలంపురంలో గుడి కట్టడానికి బండ్ల మీద రాళ్ళు తోలేవాళ్ళట. తుంగభద్ర దాటబోయే ముందు ఆ బండ్లు ఈ గట్టున ఆగేవి. ఇక్కడి నూనె వ్యాపారులు కందెన ఇచ్చేవాళ్ళు. బండ్లవాళ్ళు ఇరుసులకు పూసుకుని ఏట్లోకి దిగేవాళ్ళు. అలా ఆ చోటు కందెనవోలు అయింది, కందనవోలు అయింది, చివరికి కర్నూలు అయింది. అలంపురం నవబ్రహ్మ ఆలయాలేమో ఏడెనిమిది శతాబ్దాల నాటివి, కథేమో అంతకు మూడు నాలుగు వందల ఏళ్ళ తర్వాత జరిగినట్టు చెబుతారు. ఊరి పేరు కథల్ని తేదీలు అడక్కూడదు. నాకు అందులో నచ్చేది వేరే. రాజు పేరో దేవుడి పేరో కాకుండా, బండి చక్రానికి చేసే సేవ పేరు పెట్టుకున్న ఊరు మాది.

పోయిన ఏప్రిల్‌లో ఒక రాత్రి ఈ కథ గుర్తుకొచ్చింది. కడపలో నాన్నకు డయాలసిస్ చేయించి నంద్యాల వైపు తిరిగి వస్తున్నాం. మైదుకూరు దాటాం, చాగలమర్రి కూడా దాటాం. పదకొండు గంటలప్పుడు కారు ఎడమవైపుకి లాగింది. దిగి చూస్తే వెనక టైరు పూర్తిగా కూర్చుంది. ఏదో నాపరాయి పెచ్చు పక్కగోడను నిలువునా కోసింది. నా కారులో స్టెప్నీ లేదు. 2020లో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సడలించింది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, రిపేరు కిట్టు ఉంటే చిన్న వాహనాలకు స్టెప్నీ అక్కర్లేదంది. కిట్టులోని రబ్బరు పుల్ల మేకు గుచ్చుకున్న చిల్లిని పూడుస్తుంది. పక్కగోడ చీలితే దాంతో ఏమీ కాదు. నాన్న వెనక సీట్లో కళ్ళు మూసుకుని ఉన్నాడు. నేను మామకు ఫోన్ చేశాను.

మామ, అంటే అమ్మ తమ్ముడు. హైవే పక్కన పంక్చర్ షాపు. గంట తర్వాత ఆటోలో ఓ పాత చక్రం వేసుకుని వచ్చాడు. జాకీ ఎత్తి, నట్లు విప్పి, పది నిమిషాల్లో మార్చేశాడు. చేతులు తుడుచుకుంటూ అడిగాడు. "ఏం అల్లుడా, గాలి లేని టైర్లు వస్తాండాయంట, ఫోన్లో సూసినా. నిజమేనా? మావాడు లోను తీసి మిషిన్లు కొందామంటాండాడు. నాలుగేండ్లకు ఈ పనే లేకుండా పోతే వాటిని ఏం చేసుకోవాల?"

నేను చదివింది మెకానికల్, చేసేది సాఫ్ట్‌వేర్. ఆ రాత్రి "చూసి చెప్తా మామా" అన్నాను. నిజానికి ఆ చీకట్లో నిలబడ్డ గంటసేపు, గాలి లేని టైరు ఎవరైనా అమ్మితే ఎంతైనా ఇచ్చి కొనేవాణ్ణి. అందుకే ఆ కోరికను పక్కన పెట్టి ఆలోచించాల్సి వచ్చింది.

*

ముందుగా తట్టిన విషయం: గాలి లేని చక్రం కొత్తదేం కాదు. మామ వాళ్ళ నాన్న, అంటే మా తాత, జీవితమంతా చేసింది అదే.

తాత వడ్రంగి. బండి గాన్లు చేసేవాడు. నడుమ గుండ్రటి దిమ్మ, దాంట్లోంచి బయటికి ఆకులు, ఆకుల చివర్లను కలుపుతూ వంపు తిరిగిన పూటీలు, వాటన్నిటి చుట్టూ ఇనుప పట్టా. పట్టాను చక్రం చుట్టుకొలత కన్నా రవ్వంత తక్కువగా చేస్తారు. పిడకల మంటలో ఎర్రగా కాలిస్తే అది సాగుతుంది. పట్టకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, సుత్తులతో కొట్టి, నీళ్ళు పోస్తారు. చల్లారుతూ బిగుసుకుని ఆకులన్నిటినీ దిమ్మలోకి నొక్కుతుంది. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఇదే విషయం పుస్తకంలో 'ష్రింక్ ఫిట్' అని చదువుకున్నప్పుడు, చిన్నప్పుడు తాత ఇంటి ముందు లేచిన ఆవిరి వాసన ముక్కుకు తగిలింది.

ఆ చక్రానికి పంక్చర్ లేదు. సర్కారు కంప ముళ్ళయినా, పల్లేరు కాయలయినా దాన్ని ఏమీ చేయలేవు. కానీ దాని ఖర్చు వేరేచోట పడేది. రెండంగుళాల ఇనుప పట్టా గట్టి నేలను ఆనేది సన్నటి గీత దగ్గర మాత్రమే. బరువంతా ఆ గీత మీదే. కాబట్టి రోడ్డు కోసుకుపోయేది, మెత్తటి నేలలో చక్రం దిగబడేది. నంద్యాల, కోవెలకుంట్ల, ప్రొద్దుటూరు రేగడి నేలల్లో వాన పడ్డాక బండి తోలినవాళ్ళకు ఆ సంగతి చెప్పక్కర్లేదు. ప్రతి కుదుపూ ఇరుసుకు, అక్కణ్ణుంచి కాడికి, కాడి నుంచి ఎద్దు మెడకు చేరేది. చక్రానికి గాయం కాలేదంటే, దాని బదులు ఇంకెవరో దెబ్బ తింటున్నారన్నమాట.

గాలి ఎందుకు వచ్చిందో ఇక్కడ అర్థమవుతుంది. 1845లో రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లండ్ ఇంజనీరు గాలి నింపిన చక్రానికి పేటెంటు తీసుకున్నాడు. గుర్రబ్బండ్లకు తొడిగి లండన్‌లో నడిపి చూపించాడు కూడా. కానీ ఆ రోజుల్లో దానికి తగిన రబ్బరు చవకగా దొరికేది కాదు. అది మూలన పడింది. అదే థామ్సన్ ఇరవై ఏళ్ళ తర్వాత, 1867లో, రోడ్డు మీద నడిచే ఆవిరి యంత్రాలకు గట్టి రబ్బరు టైర్లు తయారుచేశాడు. అంటే గాలి టైరు కనిపెట్టిన మనిషే మళ్ళీ గాలి లేని టైరు దగ్గరికి వెళ్ళాడు. ఆ యంత్రాలు మన దేశానికీ వచ్చాయి. 1870ల మొదట్లో క్రాంప్టన్ అనే బ్రిటిష్ సైనికాధికారి వాటిని పంజాబు రోడ్ల మీద నడిపాడు.

1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపు తగ్గించడానికి గాలి టైరును మళ్ళీ కనిపెట్టాడు. థామ్సన్ ముందే చేశాడని తేలడంతో ఆయన పేటెంటు నిలవలేదు, పేరు మాత్రం నిలిచింది. డన్‌లప్ వృత్తిరీత్యా పశువైద్యుడు. ఆయన చేసిన పని దాదాపు అర్ధశతాబ్దం తర్వాత ఎద్దు మెడ దాకా వచ్చింది.

1895లో మిషెలిన్ సోదరులు పారిస్ నుంచి బోర్డో వెళ్ళి తిరిగొచ్చే పందెంలో గాలి టైర్ల కారు నడిపారు. దారంతా పంక్చర్లే. గెలవలేదు. అయినా ఆ తర్వాతి కాలమంతా గాలిదే అయింది. ఇన్ని పంక్చర్లయినా జనం గాలిని ఎందుకు ఎంచుకున్నారన్నదే అసలు ప్రశ్న. జవాబు వేగంలో ఉంది. ఎద్దుల బండి గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు పోతుంది. ఆ వేగంలో రాయి తగిలితే కుదుపు. అదే రాయి ఎనభై కిలోమీటర్ల వేగంలో తగిలితే చావుదెబ్బ. చక్రం నేలకు తగ్గట్టు వంగి, వెంటనే తిరిగి నిలబడాలి, ఆ పని సెకనుకు ఎన్నోసార్లు చేయాలి, చేస్తూ వేడెక్కకూడదు. ఇంత తేలిగ్గా, ఇంత చవకగా ఆ పని చేసే స్ప్రింగు గాలి తప్ప ఇంకోటి లేదు. ఓ చిన్న లెక్క చూడండి. పన్నెండు వందల కిలోల కారులో ఒక్కో చక్రం మీద మూడు వందల కిలోలు. టైరులో 32 పౌండ్ల గాలి ఉంటే, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు రెండుంపావు కిలోలు, టైరు నేలను ఆనే చోటు దాదాపు 130 చదరపు సెంటీమీటర్లు. ఓ అరచేయి అంత. కారు, అందులో కూర్చున్న నాన్న, డిక్కీలో సామాను, అంతా నాలుగు అరచేతుల మీద నడుస్తోంది. బరువు పెరిగితే ఆ అరచేయి తనంతట తనే వెడల్పవుతుంది. తాత చేసిన గానుకు ఈ గుణం లేదు.

*

మన దేశంలో డన్‌లప్ కంపెనీ 1936లో బెంగాల్‌లోని సాహాగంజ్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. తర్వాతి దశాబ్దాల్లో ఎద్దుల బండ్లకని ప్రత్యేకంగా టైర్లు వచ్చాయి. ఊళ్ళలో చాలామంది అవీ కొనలేదు. పాత లారీలవో కార్లవో ఇరుసులూ టైర్లూ తెచ్చి బిగించుకున్నారు. అదే మనకు 'టైరు బండి'. 1970ల్లో బెంగళూరు ఐఐఎంలో ఎన్.ఎస్. రామస్వామి ఎద్దుల బండి గురించి పెద్ద అధ్యయనం చేశాడు. మేనేజ్‌మెంటు విద్యాసంస్థకు డైరెక్టరుగా ఉన్న మనిషి, దేశంలో ఇంకా కోటికి పైగా బండ్లున్నాయని, ఆ రవాణాను గేలి చేయడం మాని బాగు చేయాలని వాదించాడు. ఎద్దు మీద పడే భారం తగ్గాలన్నది ఆయన పట్టుదల.

టైరు బండి ఎద్దుకు నిజంగా మేలు చేసింది. అదే జోడీ ఎక్కువ బరువు లాగింది, మెడ పుళ్ళు తగ్గాయి. మా తాతకు మాత్రం పని పోయింది. బండికి బేరింగులు వచ్చాయి, వాటి గ్రీజు లోపలే ఉంటుంది. రోజూ ఇరుసుకు కందెన పూసే పని కూడా దాంతోపాటే పోయింది. సుమతీ శతకంలో కందెన మీద ఉన్న పద్యం ఇప్పుడు పిల్లలకు అర్థం చెప్పాలంటే ముందు కందెన అంటే ఏమిటో చెప్పాలి. తాత చివరి పదేళ్ళు తలుపులు, కిటికీలు, మంచాలు చేసి బతికాడు. ఆయన కొడుకు పంక్చర్ షాపు పెట్టాడు. ఇంట్లో దాన్ని ఎవరూ విప్లవం అనుకోలేదు, తండ్రి మీద తిరుగుబాటు అని కూడా అనుకోలేదు. చక్రం మారింది, చక్రం దగ్గర కూర్చునే మనిషి చేసే పని మారింది, అంతే.

మామ ప్రశ్న వెనక ఉన్నది ఈ జ్ఞాపకమేనని నాకు తర్వాత తట్టింది. వాళ్ళింట్లో ఒకసారి ఇది జరిగింది. మళ్ళీ జరుగుతుందా అని అడుగుతున్నాడు.

*

ఇప్పుడొస్తున్న గాలి లేని టైరు తాత చక్రంలానే కనిపిస్తుంది. మధ్యలో దిమ్మ, చుట్టూ ఆకులు, బయట పట్టా. మిషెలిన్ 2005లో 'ట్వీల్' అని చూపించింది. టైరూ చక్రమూ ఒకటే ముక్క. కారుకు తొడిగి నడిపితే గంటకు ఎనభై కిలోమీటర్లు దాటాక మోత, కంపనం ఎక్కువయ్యాయి. దాంతో అది కార్లను వదిలి గడ్డి కోసే యంత్రాల వైపు, చిన్న లోడర్ల వైపు వెళ్ళింది. 2019లో అదే కంపెనీ జనరల్ మోటార్స్‌తో కలిసి 'అప్టిస్' అనే కొత్త రకాన్ని ప్రకటించి, 2024కల్లా మామూలు కార్లకు తేవడం లక్ష్యమంది. 2023లో సింగపూర్‌లో కొరియర్ వ్యాన్లకు, ఫ్రాన్స్‌లో తపాలా వ్యాన్లకు తొడిగి చూశారు. 2024 వచ్చింది, పోయింది. మనం షాపుకెళ్ళి కారుకు కొనుక్కునే వస్తువుగా అది ఇంకా రాలేదు.

రాకపోవడానికి కారణం బద్ధకం కాదు. తాత చక్రంలో బరువు కింది ఆకు మీద నిలబడేది. ఈ కొత్త చక్రంలో కింది ఆకులు వంగిపోతాయి, బరువు పై ఆకులకు వేలాడుతుంది. పేరు ఒకటే, పని తలకిందులు. ప్రతి చుట్టుకూ ప్రతి ఆకూ ఒకసారి సాగి, ఒకసారి ముడుచుకోవాలి. హైవే వేగంలో అది సెకనుకు పది పదిహేను సార్లు. అలా సాగి ముడుచుకున్న ప్రతిసారీ కొంత శక్తి వేడిగా మారుతుంది. గాలి సాగినా ముడుచుకున్నా అలసిపోదు, ప్లాస్టిక్‌కూ రబ్బరుకూ అలసట ఉంది. పైగా గాలి టైరును రోడ్డును బట్టి, బరువును బట్టి నాలుగు పౌండ్లు ఎక్కువో తక్కువో పెట్టుకుంటాం. ఆకుల గట్టితనం ఫ్యాక్టరీలో ఒకసారి ఖాయమయ్యాక మనం మార్చలేం.

ఇక మా వైపు రోడ్లకు వద్దాం. మే నెలలో కర్నూలు, నంద్యాల, కడపల్లో నలభై నాలుగు డిగ్రీలు మామూలే. తారు దగ్గర వేడి ఇంకా ఎక్కువ. ఆ వేడిలో ఆ ఆకులు ఏళ్ళ తరబడి ఎలా ఉంటాయో చూపాల్సింది అక్కడి ఎండలే తప్ప చలిదేశపు తపాలా వ్యాన్లు కాదు. రెండోది రేగడి. హైవే దిగి ఊరి దారి పట్టాక, వానలో ఆ బంక మట్టి దేన్నైనా పట్టుకుంటుంది. పక్కలు తెరిచి ఉన్న చక్రంలో ఆకుల మధ్య మట్టి చేరి ఎండితే బరువు ఒక పక్కకు పడుతుంది. వేగంగా తిరిగేటప్పుడు అది బండినంతా ఊపేస్తుంది. పక్కల్ని మూసేయొచ్చు, కానీ అప్పుడు వేడి లోపలే ఉండిపోతుంది. మూడోది నాపరాయి. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల నుంచి బండల లారీలు తిరిగే దారుల్లో ఆ పదునైన పెచ్చులు పడి ఉంటాయి. గాలి టైరుకు మేకు దిగితే నూరో నూటయాభయ్యో ఇస్తే పోతుంది. ఆకు తెగిన చక్రాన్ని దారిలో బాగుచేసే మనిషి ఎవరు?

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించింది ఇదే. గాలి టైరు మాటిమాటికీ చిన్నగా చెడిపోతుంది. ఎక్కడికక్కడ, చదువుతో పనిలేని పనిముట్లతో బాగవుతుంది. గాలి లేని టైరు అరుదుగా చెడిపోవచ్చు, కానీ చెడిపోయిన రోజున మొత్తం చక్రం మార్చాలి, అది అందే ఊరు దూరంగా ఉండొచ్చు. పట్నంలో ఒకే డిపోకు తిరిగొచ్చే వ్యాన్లకు రెండోది బాగుంటుంది. చాగలమర్రి దాటాక రాత్రి పదకొండుకు ఉన్నవాడికి మొదటిదే దిక్కు.

అవతలి వైపు వాదన కూడా ఒప్పుకోవాలి. దాని బలం ముళ్ళలో కాదు, మన మరుపులో ఉంది. గాలి ఏ చిల్లీ లేకుండానే నెలకు పౌండో రెండు పౌండ్లో తగ్గుతుంది. చూసుకోం. గాలి తక్కువున్న టైరు ఎక్కువ వంగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది, ఎండాకాలం హైవే మీద పేలుతుంది. ఆ చావుల్ని గాలి లేని టైరు ఆపగలదు. నేనైతే ఆ రాత్రికి ముందు గాలి చూపించి రెండు నెలలు దాటింది. రాయి తప్పు నాది కాకపోయినా, ఆ లెక్క మాత్రం నాదే.

*

మామకు జవాబు చెప్పడానికి నాకు పనికొచ్చిన చరిత్ర మాత్రం చక్రాలది కాదు, కేసీ కెనాల్‌ది. 1860ల్లో కర్నూలు దగ్గర సుంకేసుల నుంచి కడప దాకా సుమారు మూడు వందల కిలోమీటర్ల కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. పొలాలకు నీళ్ళే కాదు, పడవల రవాణా కూడా దాని ఉద్దేశం. రైలు కన్నా కాలువ మేలని ఆర్థర్ కాటన్ గట్టిగా నమ్మిన రోజులవి. సరిగ్గా అప్పుడే మద్రాసు రైలు కడప మీదుగా వచ్చేసింది. కంపెనీ నష్టాల్లో మునిగి 1882లో ప్రభుత్వం దాన్ని కొనేసింది. పడవలు పోయాయి. నీళ్ళు మిగిలాయి. ఈ రోజుకీ ఆ కాలువ కింద వరి పండుతోంది. అంటే ఒక పనికని వచ్చిన వస్తువు ఆ పనిలో ఓడిపోయి, ఇంకో పనిలో వందేళ్ళు బతకొచ్చు.

గాలి లేని టైరు కూడా అలాగే అనిపిస్తుంది. గోడౌన్లలో ఫోర్క్‌లిఫ్టులు ఎప్పుడో గట్టి రబ్బరు మీద తిరుగుతున్నాయి. క్వారీల్లో నెమ్మదిగా తిరిగే చిన్న లోడర్లకు ఆకుల చక్రం రేపే రావచ్చు. చంద్రుడి మీద 1971లో నడిచిన బండికి గాలి అసలు లేదు, తీగలతో అల్లిన చక్రాలే. నెమ్మదిగా పోయేవి, పంక్చర్ అయితే ఆగడానికి వీల్లేనివి, ఒకే చోటికి తిరిగొచ్చేవి. వాటికి గాలి అక్కర్లేదు. రోజూ ఎనభై మీద పోయే, అన్ని రకాల రోడ్లు తొక్కే, రిపేరుకు ఎక్కడ ఆగుతుందో తెలియని మన కారుకు ఇంకా గాలే కావాలి.

దసరాకు వెళ్ళినప్పుడు మామతో అదే చెప్పాను, ఇంత పొడవుగా కాదు. కొడుకు కొనాలనుకున్నవి రెండు: టైరు విప్పే మిషను, చక్రాలు వరసలో ఉన్నాయో లేదో చూసే అలైన్‌మెంట్ మిషను. "రెండోది కళ్ళు మూసుకుని కొను మామా" అన్నాను. చక్రంలో గాలున్నా ఆకులున్నా వరస తప్పితే అరుగుతుంది. మొదటిది కూడా కొనొచ్చు. ఈ రోజు రోడ్డు మీదున్న కార్లన్నీ గాలివే, వాటి ఆయుష్షు లోను తీరేదాకా ఉంటుంది. ఆ తర్వాతి సంగతి నేను చెప్పలేను, అలా అని చెప్పేశాను కూడా.

మామ కాసేపు ఆలోచించి, "మా నాయన దగ్గర పట్టా కాల్చే సుత్తి ఇంకా ఉంది రా, అమ్మలేదు" అన్నాడు. తర్వాత నా కారు టైర్లు నాలుగూ చూశాడు. ముందు కుడి దాంట్లో నాలుగు పౌండ్లు తక్కువుంది. గొట్టం పెట్టి నింపి, డబ్బులు తీసుకోలేదు.